సెలవు చీటీలు

నవంబర్ వచ్చిందంటే
ఏడో తరగతి సగం జ్వరంతో మంచమెక్కుతది.
నా బల్ల మీది చీటీలు అట్లనే చెప్తయి:

"గౌరవనీయులైన తెలుగు సారుకు
నమస్కరించి వ్రాయునది ఏమనగా
నాకు జొరం వచ్చినందున
మూడు దినములు సెలవు ఇప్పించగలరు."
కింద ఒక వేలిముద్ర,
లేకుంటే అగ్గిపుల్లలు పేర్చినట్టు సంతకం.

పరకాల దాటినంక ఆరు కిలోమీటర్లు మా బడి.
కిటికీ అవతల చేన్లు తెల్లగ పగులుతుంటయి.
హాజరు పిలుస్తుంటే
పేరుకూ పేరుకూ నడుమ
బయటి ట్రాలీ ఆటో చప్పుడు వినబడ్తది.

మూడు రోజులు దాటితే చీటీ తేవాలె,
వారం దాటితే సారు ఫోన్ చెయ్యాలె,
నెల దాటితే ఇంటికి పోవాలె,
ఆ తర్వాత పేరు మీద ఎర్రగీత.
హెడ్మాస్టర్ గోడకంటించిన కాగితం ఇది.
నా ఎర్రపెన్ను మూతలనే ఎండిపోయింది.

ఒకనాడు చీటీలన్నీ పక్కపక్కన పరిచిన.
పదిహేను మంది జ్వరాలు, ఒకటే చేతిరాత.
అన్నిట్ల జ్వరం "జొరమే",
అన్నిట్ల "లు" కొమ్ము గాలమోలె వంకర.

ఎనగందుల విఘ్నేష్ లేచి నిలబడ్డడు.
"చీటీకెంతరా?"
"రెండిటికి ఒక పల్లిపట్టి సార్. ఓదెమ్మవ్వకు ఉత్తగనే."
"అందరికీ జ్వరమేందిరా?"
"పత్తి ఏరుడని రాస్తే మీరు ఒప్పుకోరు గద సార్."
ఇంకో మాట కూడా అన్నడు, నేల చూస్కుంట:
"మీరు బోర్డు మీద రాయించింది జొరమే."

నిజమే.
లేఖారచన పాఠం. జూలైల చెప్పిన.

తల్లిదండ్రుల మీటింగుకు ఆ నెల ముగ్గురొచ్చిండ్రు.
ఓదెమ్మ నడుముకు ఒడిగుడ్డ విప్పకుండనే వచ్చింది,
కొంగుకు దూది పోగులు.
"వాన పడితే పత్తి నల్లబడ్తది సారూ.
మీ పరీచ్చ ఎనక్కు జరుగుతది, వాన జరుగుతదా?
పిల్ల వేళ్లు సన్నయి, కాయల గింజ మిగల్దు.
తప్పే, నాకెరుకే.
పత్తి అనే రాసుకో.
జొరం జొరమని రాస్తే
ఆ మాట పిల్లకు తగుల్తది."

ఆ రాత్రి రెండో నోట్‌బుక్కు తీసిన,
ఎవరూ తనిఖీ చెయ్యనిది.
శ్రీలత: పత్తి, నాలుగు రోజులు, బొటనవేలు చీరుకపోయింది.
రిష్వంత్: తమ్ముని కావలి.
నిహారిక: చెప్పలేదు, అడగలేదు.
నేను: పదమూడో తారీకు, వడ్ల పైసల కోసం బ్యాంకుకు.

విఘ్నేష్ పేరు అందుల లేదు.
గుంటెడు భూమి లేనోడు పత్తికెట్ల పోతడు?
నాయిన సూరత్‌ల మగ్గం మీద,
అమ్మ బీడీలల్ల.
ముసురువట్టిన రోజు బడికి వచ్చినోళ్లం
వాడూ, నేనూ, గుడ్లు తెచ్చిన ఆయా.

జనవరిల ఒక సోమవారం
ఆ పేరు పిలిస్తే ఎవరూ పలుకలేదు.
మంగళవారం కూడా.
మూడోనాడు చీటీ కోసం చెయ్యి చాపిన.
వెనుక బెంచీల శ్రీలత అన్నది:
"వాని చీటీ ఎవరు రాయాలె సార్?"

సాయంత్రం పోయి చూస్తే తాళం.
గడప పక్కన బిందె బోర్లించి ఉంది.
పక్కింటాయన బీడీ ఆర్పి చెప్పిండు:
"తల్లీ కొడుకులు రాత్రి కాజీపేట్ల బండెక్కిండ్రు సారూ.
వాళ్ల నాయినకు బాగలేదట."
"ఏమైంది?"
"ఏమో. ఫోన్ల జొరమనే అన్నరట."

తెల్లారి బల్ల మీద ఒక చీటీ.
మూడు నాలుగు చేతులు రాసింది,
లైన్లు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నయి.
కొట్టేసి, మళ్లీ రాసి,

"గౌరవనీయులైన తెలుగు సారుకు
నమస్కరించి వ్రాయునది ఏమనగా
విఘ్నేష్‌కు సెలవు కావలెను.
ఎన్ని దినములో మాకు తెల్వదు."